బొంగరం గొంతు

పుట్టినప్పుడు పెట్టిన పేరు ఏదైనా, ఆమెను అందరూ పిట్టమ్మ అనే పిలిచేవారు. మనిషి పిట్టంత ఉండేది, గొంతు అంతకన్నా చిన్నది. పెళ్ళైన కొత్తలో ఎవరైనా ఫోన్ చేస్తే, ఆమె "హలో" అనగానే, "పాపా, ఇంట్లో పెద్దవాళ్ళుంటే పిలువమ్మా" అనేవారు. పెద్దదాన్ని నేనేనండీ అన్నా నమ్మేవారు కాదు. చివరికి ఆ గొంతే ఆమెకు బతుకుదెరువైంది.

ఆమె తండ్రి ధాన్యం గోదాముల్లో కాపలాదారు. బడి లేని రోజుల్లో మధ్యాహ్నం క్యారియరు పట్టుకుని ఆమే వెళ్ళేది. బస్తాల వరసల మధ్య ఆడుకుంటూ పెరిగింది. ఎక్కడ ఆడుకోవాలో, ఎప్పుడు అటువైపు తొంగి కూడా చూడకూడదో తండ్రి ఆమెకు నేర్పాడు. ఆ తర్వాత ఆయన పోయాడు, ఆమె ఒక లేత్ మిషను పనివాణ్ణి పెళ్ళి చేసుకుని ఊరి రెండో కొసకు వెళ్ళిపోయింది. గోదాముల వైపు మళ్ళీ రాలేదు.

ముప్పై నాలుగేళ్ళ వయసులో రేడియో స్టేషనుకు ఒక నాటకంలో ముసలమ్మ వేషానికి వెళ్ళింది. రెండే రెండు మాటలు. అదే రోజు పక్క గదిలో పిల్లల గూఢచారి సీరియల్ కోసం పన్నెండేళ్ళ కుర్రవాడి గొంతు వెతుకుతున్నారు. వచ్చిన పిల్లలందరూ కాగితం చూసి తడబడుతున్నారు. నాటకాలకు చప్పుళ్ళు చేసే పెద్దాయన ఒకడు ఉండేవాడు. గులకరాళ్ళ పళ్ళెం మీద నడిచి అడవి దారి వినిపించేవాడు, రేకు ఊపి పిడుగు పడేసేవాడు. ఆయన ఆమె "మంచినీళ్ళు ఎక్కడుంటాయండీ" అని అడగడం విన్నాడు. "ఈవిడ చేత ఒకసారి చదివించండి. పిట్ట కొంచెమే గానీ కూత ఘనంగా ఉంది" అన్నాడు.

అలా ఆమె ఏజెంట్ బొంగరం అయింది. పందొమ్మిదేళ్ళు అయింది.

ప్రతి శనివారం మధ్యాహ్నం మూడింటికి "బొంగరం దళం" వచ్చేది. దేశం పటాలు దొంగిలించేవాళ్ళనీ, మంచినీళ్ళలో విషం కలిపేవాళ్ళనీ ముగ్గురు పిల్లలు వెంటాడి పట్టుకునేవారు. చివర్లో పాత్రధారుల పేర్లు చదివేటప్పుడు "బొంగరంగా బొంగరమే" అనేవారు. అసలు మనిషి ఎవరో బయటికి పొక్కకూడదని ఆమెతో సంతకం కూడా పెట్టించుకున్నారు. పిల్లలు బొంగరం నిజంగా ఉన్నాడనే నమ్మేవారు. స్టేషనుకు ఉత్తరం రాస్తే అట్ట కార్డు మీద నంబరు వేసి పంపేవారు, వాళ్ళు దళ సభ్యులైపోయేవారు. కార్డు వెనక నియమాలు అచ్చు వేసేవారు. మొదటిది: పిలిచినా పలకకు. రెండోది: ఫోనులో నీ చోటు చెప్పకు. ఆమె వాటిని ఎన్ని వందలసార్లు చదివిందో ఆమెకే తెలియదు. ఏనాడూ వాటి గురించి ఆలోచించలేదు.

యాభై దాటాక ఆమె సొంత గొంతు బరువెక్కింది. ఇంట్లో మాట్లాడే గొంతు వేరు, బొంగరం గొంతు వేరు అయిపోయాయి. మైకు ముందు వెన్ను నిటారుగా పెట్టి, ఊపిరి పైకి లాగి, ఆ కుర్రవాణ్ణి తెచ్చుకోవాల్సి వచ్చేది. పిలిస్తే వచ్చేవాడు.

నెలకోసారి, రెండో శనివారం, సీరియల్ బదులు గంటసేపు పిల్లలు నేరుగా ఫోన్ చేసి బొంగరంతో మాట్లాడేవారు. వేసవి సెలవుల్లో అలాంటి ఒక శనివారం ఇది జరిగింది.

మూడో ఫోనులో గుసగుస వినిపించింది.

"దళ సభ్యురాలు నాలుగొందల పదహారు."

"చెప్పు, నాలుగొందల పదహారూ. అంత మెల్లిగా మాట్లాడుతున్నావేం?"

"శత్రువులు దగ్గర్లోనే ఉన్నారు."

పిట్టమ్మ నవ్వుకుంది. మంచాల కింద నుంచీ, బీరువాల్లోంచీ ఇలా మాట్లాడే పిల్లలు నెలకు ఇద్దరు ముగ్గురు ఉంటారు. అద్దం అవతల కూర్చున్న ప్రొడ్యూసరు కూడా నవ్వాడు.

"ఎంతమంది?"

"ముగ్గురు. మొహాలకి తొండాల్లాంటి మాస్కులు పెట్టుకున్నారు. వాళ్ళ డబ్బాల మీద పుర్రె బొమ్మ ఉంది. నిన్న పక్కదాంట్లో పెట్టారు. ఇవాళ వాళ్ళకన్నా ముందే నేను లోపలికొచ్చి బస్తాల వెనక దాక్కున్నా."

"శభాష్" అంది అలవాటుగా. "ఇప్పుడేం చేస్తున్నారు?"

"లోపలంతా పళ్ళేలు పెట్టి బయటికెళ్ళారు. తలుపు మూసేశారు. సందుల్లోంచి వెలుగొచ్చేది, అది కూడా ఒక్కొక్కటే పోతోంది. బయట్నుంచి కాగితాలు అంటిస్తున్నారు."

పిట్టమ్మ నవ్వు అక్కడే ఆగిపోయింది.

తండ్రి చేతికి అంటుకుని ఎండిన మైదా జిగురు ఆమె కళ్ళ ముందు మెదిలింది. ధాన్యానికి పురుగు పట్టినప్పుడు పళ్ళేల్లో బిళ్ళలు పరిచి, తలుపులు మూసి, గాలి చొరబడకుండా ప్రతి సందుకూ కాగితం అంటిస్తారు. బిళ్ళల నుంచి వచ్చే గ్యాసుకు పురుగులే కాదు, ఎలుకలూ పిల్లులూ కూడా మిగలవు. వారం దాకా ఎవరూ తలుపు తీయరు.

"మూసే ముందు లోపల ఎవరైనా ఉన్నారా అని పిలిచారా?"

"పిలిచారు, రెండుసార్లు. నేను పలకలేదు." ఆ గుసగుసలో గర్వం ఉంది. "మొదటి నియమం కదా."

ఆమెకు పై ప్రాణాలు పైనే పోయాయి. స్క్రిప్టు కాగితం తిరగేసి పెద్ద అక్షరాలతో రాసింది: నాటకం కాదు. ధాన్యం గోదాము. విషం గ్యాసు. పోలీసులు. 416 చిరునామా. దాన్ని అద్దానికి ఆనించి పట్టుకుంది. ప్రొడ్యూసరు చదివాడు. ఒక చేత్తో ఫోను అందుకుంటూ, రెండో చేత్తో అటెండరును దళ సభ్యుల రిజిస్టరు కోసం తరిమాడు.

పిట్టమ్మ ఊపిరి లాగి మళ్ళీ బొంగరాన్ని తెచ్చుకుంది. "నాలుగొందల పదహారూ, జాగ్రత్తగా విను. ఇప్పుడే లేచి తలుపు దగ్గరకెళ్ళు. రెండు చేతుల్తో బాదు. గట్టిగా కేకలెయ్యి."

పిట్టమ్మ అడుగుల చప్పుడు కోసం చెవి ఒగ్గింది.

"విన్నావా?"

"నువ్వు బొంగరానివి కాదు" అంది పిల్ల. "బొంగరం దొరికిపొమ్మని ఎప్పుడూ చెప్పడు. నకిలీ బొంగరం కథలో కూడా శత్రువు ఇలాగే బొంగరం గొంతుతో మాట్లాడాడు."

ఆ కథ నిజంగానే ఉంది. రెండు గొంతులూ పిట్టమ్మే చేసింది. అప్పట్లో అందరూ మెచ్చుకున్నారు.

"నేనే. కావాలంటే ఏదైనా అడుగు."

"లైట్‌హౌస్ కథలో నువ్వు దొంగ వెనకాల మెట్లెక్కావు. ఎన్ని మెట్లు కిర్రుమన్నాయి?"

ఆ కథ ఎనిమిదేళ్ళ నాటిది. ఎప్పుడో మళ్ళీ వేసి ఉంటారు. ఆమెకు దీపం గుర్తుంది, దొంగ గుర్తున్నాడు, మెట్లు గుర్తు లేవు. తప్పు చెబితే పిల్ల ఫోను పెట్టేస్తుంది. తలెత్తి చూస్తే మూలన కూర్చున్న చప్పుళ్ళాయన లేచి నిలబడి ఉన్నాడు. పక్కనున్న విరిగిన కుర్చీని చూపించి, మూడు వేళ్ళు ఎత్తాడు. ఆ మెట్ల మీద నడిచింది ఆయన కాళ్ళే మరి.

"మూడు" అంది.

పిల్ల గట్టిగా ఊపిరి వదిలింది. "అయితే నువ్వే."

"నేనే. ఇప్పుడు నా మాట విను. వాళ్ళు శత్రువులు కారు. గింజల్లో పురుగులు చంపే పనివాళ్ళు. ఆ పళ్ళేల్లో ఉన్నది పురుగుల మందు. నువ్వు లోపలున్నావని పాపం వాళ్ళకి తెలీదు."

"అంటే నా రిపోర్టంతా తప్పేనా?" ఆ మాట అన్నది భయంతో కాదు, చిన్నబోయి.

"ఒక్క ముక్క తప్పు లేదు. మాస్కులూ డబ్బాలూ కాగితాలూ అన్నీ సరిగ్గా చూశావు కాబట్టే నువ్వెక్కడున్నావో నాకు తెలిసింది. నియమాలు పెట్టింది నేను. ఇవాళ నేనే మారుస్తున్నా. దాక్కోవద్దు, పలకాలి. ఎన్నో నంబరు గోదామది?"

"నంబరు చూడలేదు. మా ఇంటి వెనక సందులోంచి వచ్చా. అన్నీ ఒకేలా ఉంటాయి."

అటెండరు తెచ్చిన రిజిస్టరులోని చిరునామాను ప్రొడ్యూసరు అద్దానికి ఆనించాడు. గోదాముల వెనక వీధి. ఆ ఆవరణలో నలభైకి పైగా గోదాములున్నాయి. దాని కింద ఇంకో ముక్క రాశాడు: పోలీసులు రావడానికి ఇరవై అయిదు నిమిషాలు.

"బొంగరం, లారీ స్టార్ట్ చేశారు" అంది పిల్ల.

"అయితే ఇంకా తొందరగా కదులు. ఫోనులో లైటుందా?"

"ఉంది. అమ్మ ఫోను. ఛార్జింగ్ ఒక్క గీతే ఉంది."

"లైటు నేల మీదికి తిప్పు. ఎడం చెయ్యి గోడకి ఆనించి, గోడ వెంటే నడు. పళ్ళేలు కనిపిస్తే తొక్కకు, ముట్టుకోకు. గోడ వదలకుండా పోతే తలుపొస్తుంది."

"ముక్కుకి గుడ్డ కట్టుకోనా?"

"దాంతో లాభం లేదు, ఆగకు. నడు."

బిళ్ళలు వెంటనే నిద్ర లేవవని తండ్రి అనేవాడు. కాసేపు పడుతుందనీ, ఎండ మండే రోజున మాత్రం తొందరపడతాయనీ చెప్పేవాడు. స్టూడియో గోడ అవతల ఎండ నిప్పులు చెరుగుతోంది.

ప్రొడ్యూసరు అప్పటిదాకా ప్రసారం ఆపలేదు. ఇప్పుడు పాట వేయడానికి చెయ్యి చాచాడు. చప్పుళ్ళాయన గభాలున అద్దం దగ్గరికి వెళ్ళి వద్దన్నట్టు చేతులూపాడు. తర్వాత పిట్టమ్మ ముందుకొచ్చి కాగితం మీద రాశాడు: గోదాముల్లో ఎవరో ఒకరు రేడియో పెట్టుకునుంటారు. వాళ్ళతో చెప్పు.

చెప్పాలంటే ఎలా? బొంగరం గొంతుతో ఏం చెప్పినా వినే పెద్దవాళ్ళు ఇదంతా సీరియల్ అనే అనుకుంటారు. ఈసరికే అనుకుంటూ ఉంటారు. సొంత గొంతుతో చెబితే ఫోనులో పిల్ల వింటుంది, వినగానే శత్రువనుకుని పెట్టేస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆమె ప్రొడ్యూసరు వైపు చూసి, చెవి మూసుకుని, ఫోను వైపు వేలు చూపింది. అతనికి అర్థమైంది. తన గొంతు పిల్లకు చేరకుండా కాసేపు ఆపమంటోంది.

"నాలుగొందల పదహారూ, కొంచెంసేపు నా మాట వినిపించదు. నువ్వు మాత్రం నడుస్తూనే ఉండు. తలుపు తగలగానే బాదడం మొదలుపెట్టు. సరేనా?"

"ఎక్కడికెళ్తావు?"

"సాయం తేవడానికి."

ప్రొడ్యూసరు మీట నొక్కాడు. పందొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆమె ఆ మైకు ముందు వెన్ను వంచి, ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడింది.

"ఇది నాటకం కాదు. నేను బొంగరాన్ని కాదు. నాకు యాభై మూడేళ్ళు, బొంగరానికి గొంతిచ్చేది నేనే. మా నాన్న ధాన్యం గోదాముల కాపలాదారుగా చేశాడు, పాతవాళ్ళు ఎరుగుదురు. అక్కడ ఎవరైనా ఇది వింటుంటే, ఉన్నపళాన లేవండి. ఇవాళ మందు పెట్టి మూసిన గోదాములో చిన్నపిల్ల ఉండిపోయింది. కాగితాలంటించిన ప్రతి తలుపుకీ చెవి ఆనించి చూడండి. చప్పుడు వినిపిస్తే పగలగొట్టండి. మీరు లోపలికి పోకండి, పిల్లనే బయటికి పిలవండి. మీ కాళ్ళు పట్టుకుంటాను, కదలండి."

మళ్ళీ మీట నొక్కారు.

"నాలుగొందల పదహారూ?"

గోడకి ఏదో రాసుకుంటున్న చప్పుడు, ఆగి ఆగి ఊపిరి.

"నాలుగొందల పదహారూ, పలుకు."

"తలుపు దొరికింది" అంది పిల్ల. "బొంగరం, వెల్లుల్లి కుళ్ళిన కంపొస్తోంది."

పిట్టమ్మ బల్ల అంచు పట్టుకుంది. తండ్రి దేని గురించి హెచ్చరించేవాడో ఆ వాసన ఇదే. "బాదు. ఆపకు. నేను లెక్కపెడతా, నువ్వు బాదు. ఒకటి. రెండు..."

రేకు తలుపు మీద చిన్న చేతుల దెబ్బలు స్టూడియో అంతా వినిపించాయి. నలభై దాకా లెక్కపెట్టింది. దెబ్బలు మెల్లబడ్డాయి. "కళ్ళు తిరుగుతున్నాయి" అంది పిల్ల. "కాళ్ళతో తన్ను, ముప్పయ్యయినా తన్ను" అంది బొంగరం గొంతు, ఎక్కడా చెదరకుండా. అద్దం అవతల ప్రొడ్యూసరు మొహం చేతుల్లో దాచుకున్నాడు. అరవై రెండు దగ్గర దెబ్బలు ఆగాయి. అరవై మూడు అంది, అరవై నాలుగు అంది. అప్పుడు బయట నుంచి ఏదో గీరుతున్న చప్పుడు. ఇనుము ఇనుముకు కొట్టుకుంది. ఒక ఆడగొంతు "ఇక్కడుంది పిల్ల, ఇక్కడే ఉంది" అని అరిచింది. ఆపైన ఫోను ఆగిపోయింది.

పిల్ల బతికి ఉందో లేదో తెలియడానికి పదకొండు నిమిషాలు పట్టింది. ఆ పదకొండు నిమిషాలూ రేడియోలో ఏ పాటా రాలేదు. ఎవరికీ వేయాలని తోచలేదు.

తలుపు తీయించింది గోనెసంచులు కుట్టే ఒక ఆవిడ. కుట్టుమిషను పక్కన చిన్న రేడియో పెట్టుకుని పని చేసుకుంటోంది. మొదట్లో, ఈ వారం కథ భలేగా ఉందే అనుకుందట. ముసలి గొంతు వినిపించేసరికి సూది బట్టలోనే వదిలేసి లేచింది. ఇద్దరు హమాలీలను వెంటేసుకుని, ఒక్కో తలుపుకూ చెవి ఆనించుకుంటూ పరుగెత్తింది. అయిదో తలుపు దగ్గర తన్నులు వినిపించాయి. తాళంచెవి వెళ్ళిపోయిన లారీలో ఉంది. హమాలీలు బస్తాలు లాగే కొక్కేలతో గొళ్ళెం ఊడబెరికారు.

పిల్ల రెండు రోజులు ఆసుపత్రిలో ఉండి, వాంతులు తగ్గాక ఇంటికెళ్ళింది.

బుధవారం ఆ పిల్ల తల్లి స్టేషనుకు వచ్చింది. బట్టల మిల్లులో పనిచేస్తుంది. మిల్లు నుంచి నేరుగా వచ్చినట్టుంది, జుట్టు నిండా నూలు పోగులున్నాయి. దండాలు పెడుతుందనుకున్నారు అందరూ. ఆమె నిలబడే మాట్లాడింది.

"ఆ పనివాళ్ళు రెండుసార్లు పిలిచారంట. మీరు నేర్పకపోతే నా కూతురు పలికేది. మీ కడుపున పుట్టినవాళ్ళుంటే ఇట్లా చెప్తారా, పిలిచినా పలకొద్దని?"

ప్రొడ్యూసరు ఏదో సర్దిచెప్పబోయాడు. పిట్టమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "తప్పు మాదేనమ్మా. ఆ మాట నా నోటితోనే చెప్పాను" అంది. తల్లి కాసేపు ఆమె మొహంలోకి చూసి వెళ్ళిపోయింది.

సీరియల్ ఆపేశారు. ఉత్తరాలు బస్తాలకొద్దీ వచ్చాయి. కొన్నిట్లో చింపిన కార్డులున్నాయి. "నువ్వు ముసలిదానివని తెలిసి మా తమ్ముడు అన్నం మానేశాడు" అని ఒకరు రాశారు. పిట్టమ్మ అన్నీ చదివింది. ఇంటి దగ్గర భర్త, లేత్ మోతకు చెవులు సగం పోయిన మనిషి, "నేనెట్లాగూ నీ బొంగరాన్ని సరిగ్గా వినలేదు, నాకేం తేడా తెలీదులే" అని నవ్వించబోయాడు. ఆమె నవ్వలేదు.

పద్దెనిమిది రోజులకు ఆ తల్లి ఒక మనిషి చేత కబురు పంపింది. "పిల్ల నోరు విప్పడం లేదు. నిద్రలో గోడలు తన్నుతోంది. నాకు మీరు రావడం ఇష్టం లేదు. అయినా రండి."

రెండు గదుల ఇల్లు. లోపలి గదిలో మంచం మీద తొమ్మిదేళ్ళ పిల్ల, మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చుంది. గుమ్మంలో నిలబడిన నెరిసిన జుట్టు మనిషిని ఒకసారి చూసి, మొహం గోడ వైపు తిప్పుకుంది. ఎంత పిలిచినా తిరగలేదు. పిట్టమ్మ ముందు గదిలోకి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, వెన్ను నిటారు చేసుకుంది.

"నాలుగొందల పదహారూ, రిపోర్టు ఇవ్వలేదేం?"

లోపల మంచం కిర్రుమంది.

"భయం వేసింది" అంది పిల్ల.

"ఎప్పుడు?"

"నువ్వు మాట్లాడకుండా వెళ్ళిపోయినప్పుడు."

"నాకూ వేసింది. బల్ల అంచు గట్టిగా పట్టుకున్నా. అంతకన్నా ముందే ఒక తప్పు చేశా, నిన్ను శభాష్ అన్నా. అనకుండా ఉండాల్సింది."

తల్లి గోడకు ఆనుకుని అలాగే కిందికి కూర్చుంది. లోపలి నుంచి మాటలు ఒక్కొక్కటే వచ్చాయి. చీకటి సంగతి, పళ్ళెం ఒకటి కాలికి తగిలిన సంగతి, చివర్లో చేతులు పైకి లేవని సంగతి. బొంగరం అన్నీ విన్నాడు. తర్వాత పిట్టమ్మ, ఆ గొంతుతో మాట్లాడుతూనే, మెల్లగా తలుపు తోసింది. పిల్ల ఆమె మొహం చూడలేదు, కదులుతున్న పెదవుల్నే చూసింది. చాలాసేపు చూసింది.

"అట్లా మాట్లాడితే గొంతు నొప్పెట్టదా?" అని అడిగింది.

"పెడుతుంది."

"అయితే మామూలుగా మాట్లాడు."

పిట్టమ్మ మంచం అంచున కూర్చుని మామూలుగా మాట్లాడింది. ఆ సాయంత్రం వెళ్ళేటప్పుడు తల్లి గుమ్మం దాకా వచ్చింది. మంచిమాట ఏమీ అనలేదు గానీ, "వచ్చే ఆదివారం నాకు సెలవు, ఇంట్లోనే ఉంటాం" అంది.

నాలుగు నెలల తర్వాత సీరియల్ మళ్ళీ మొదలైంది. పాత నియమాలున్న కార్డులు వెనక్కి పంపమని రేడియోలో చెప్పి, కొత్తవి అచ్చు వేయించారు. ప్రతి కథకు ముందు పిట్టమ్మ తన సొంత గొంతుతో, తానెవరో చెప్పి, ఇది కథేననీ, ఎవరైనా పిలిస్తే మాత్రం పలకాలనీ చెబుతుంది. వినేవాళ్ళు సగానికి సగం తగ్గారు. బొంగరం ఎవరో తెలిశాక మజా పోయిందని చాలామంది పిల్లలు అన్నారు. వాళ్ళను తప్పుపట్టడానికి లేదు.